అమెరికా కాలేజీ పూర్వ విద్యార్థులు చేసే ఇంటర్వ్యూ: సిద్ధమయ్యే పద్ధతి

అమెరికాలో డిగ్రీకి అప్లై చేసిన కొన్ని వారాలకు, ఆ కాలేజీలో ఒకప్పుడు చదివిన వ్యక్తి నుంచి మెయిల్ రావచ్చు. ఆయన తన ఉద్యోగం తాను చేసుకుంటూ, తీరిక వేళల్లో ఉచితంగా ఇంటర్వ్యూలు చేస్తారు. సీటు ఇచ్చే అధికారం ఆయనకు లేదు. మీతో మాట్లాడి, అడ్మిషన్స్ ఆఫీసుకు రిపోర్టు రాసి పంపుతారు. ఎంఐటీ, ప్రిన్స్‌టన్ లాంటి చోట్ల మీ మార్కులు, వ్యాసాలు ఆయన కంటపడవు. మీరు చెప్పిందే ఆయన రాయగలరు. సిద్ధం కావడమంటే, రాయదగ్గ విషయాలు ఆయన చేతికి అందించడమే.

అన్ని కాలేజీలూ ఇంటర్వ్యూ చేయవు. ఎంఐటీలో ఇంటర్వ్యూ చేసేవారు దొరక్కపోతే దాన్ని మినహాయిస్తారు, దానివల్ల మీకు నష్టమేమీ లేదు. కాబట్టి పిలుపు రాలేదని దిగులు పడకండి.

ముందుగా ఎప్పుడు వస్తుందో చూసుకోండి. ఎర్లీ (ముందస్తు గడువులో పెట్టే) అప్లికేషన్లకు ఎక్కువగా నవంబరులో, రెగ్యులర్ (మామూలు గడువులో పెట్టే) వాటికి జనవరి, ఫిబ్రవరిలో పిలుస్తారు. ఇంటర్ రెండో ఏడాది వాళ్లకు సరిగ్గా జేఈఈ మెయిన్, ప్రాక్టికల్స్ ముంచుకొచ్చే రోజులవి. స్పామ్ ఫోల్డర్ రోజూ చూడండి. ఒక్క రోజులో జవాబిచ్చి, మీకు వీలైన 3 సమయాలు భారత కాలమానంలోనూ అమెరికా కాలమానంలోనూ రాయండి. బోస్టన్‌లో ఆదివారం ఉదయం 9:30 అయితే శీతాకాలంలో మనకు రాత్రి 8 గంటలు. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి జరుగుతుంది. ఆ వారం చాలామంది పొరపడేది ఇక్కడే.

ఇప్పుడు అసలు పని. మీరు మనసు పెట్టి చేసినవి 3 ఎంచుకోండి. ఒక్కోదానికి నాలుగు సంగతులు కాగితం మీద రాసుకోండి: ఎందుకు మొదలుపెట్టారు, ఎక్కడ ఆగిపోయింది, అప్పుడేం చేశారు, ఇప్పుడైతే ఏం మారుస్తారు. "నాకు రోబోటిక్స్ అంటే ప్రాణం" అంటే రిపోర్టులో ఒక్క వాక్యమే అవుతుంది. పొలంలో తేమ కొలిచే సెన్సారు వానకు తడిసి తప్పు లెక్కలు చూపిస్తే దాన్ని ఎలా సరిచేశారో చెబితే ఒక పేరా అవుతుంది. జవాబులు మాత్రం బట్టీ పట్టకండి. కార్పొరేట్ కాలేజీల్లో రెండేళ్లు చదివిన పిల్లలకు ఇది కష్టమే, కానీ అప్పజెప్పే గొంతు మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. ఆ కాగితం పక్కన పెట్టి, స్నేహితుడికి నోటితో రెండుసార్లు చెప్పి చూడండి.

"ఈ కాలేజీయే ఎందుకు?" అని తప్పకుండా అడుగుతారు. ర్యాంకింగ్ చెప్పొద్దు. అక్కడి ఒక కోర్సో, ల్యాబో పేరు చెప్పి, పైన రాసుకున్న మూడింట్లో దేనితో ముడిపడుతుందో చెప్పండి.

ఆన్‌లైన్ అయితే 15 నిమిషాల ముందు కూర్చోండి. కరెంటు పోతే పనికొచ్చేలా ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచండి. అమ్మానాన్నలు ఆ గదిలో ఉండకూడదు. పక్కనుంచి జవాబు అందిస్తే అదీ రిపోర్టుకెక్కుతుంది. తెలియనిది తెలియదనండి. చివర్లో ప్రశ్నలేమైనా ఉన్నాయా అంటే, వెబ్‌సైట్‌లో దొరికేది కాకుండా ఆయన చదువుకున్న రోజుల గురించి అడగండి. "నాకు సీటు వస్తుందా?" అని అడగొద్దు.

మర్నాటికల్లా నాలుగు వాక్యాల్లో కృతజ్ఞతలు తెలుపుతూ మెయిల్ పెట్టండి. అందులో మీ ఇద్దరి మధ్య నడిచిన ఒక సంభాషణ ప్రస్తావన ఉండాలి. బహుమతులు పంపకండి.