గోడకు రంగా, స్లాబుకు మరమ్మతా, వేరే ఇల్లా? చెన్నై ఇళ్ళకు సమస్య - పరిష్కారం

సంక్రాంతి దగ్గర పడితే చెన్నైలో పెయింటర్లు దొరకరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలో నానిన గోడకు, పండుగ వస్తోంది కదా అని పుట్టీ పట్టించి రంగు వేయించడం ఇక్కడి ఆనవాయితీ. ఎండలు ముదిరేసరికి అదే గోడ పొక్కులు లేస్తుంది. ఇంట్లో చర్చ మొదలవుతుంది: మళ్ళీ రంగు వేయిద్దామా, పగలగొట్టి బాగుచేయిద్దామా, ఈ కొంప అమ్మేసి ఇంకోటి కొందామా?

చేతిలో ఎంత డబ్బుంది అనేది తర్వాతి మాట. కారణం ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి. మీ గోడలో ఉంటే మరమ్మతు చాలు. భవనంలో ఉంటే అసోసియేషన్‌ను కదిలించాలి. ఇల్లున్న ప్రదేశంలోనే ఉంటే మీరెంత ఖర్చు పెట్టినా అది పోదు. ఏ కారణమూ లేదని తేలాకే రంగుల కార్డు చేతికి తీసుకోవాలి.

గోడ అడుగున ఉప్పు పొంగుతోంది

గ్రౌండ్ ఫ్లోర్‌లో నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా తెల్లటి పొడి తేలి, రంగు పొరలు పొరలుగా రాలుతుంటే అది నేల చెమ్మ. పునాది మీద చెమ్మను ఆపే పొర పాత ఇళ్ళలో వేసి ఉండరు, లేదా వేసింది చెడిపోయి ఉంటుంది. నీరు ఇటుకల గుండా పైకి పాకి, ఆరిపోతూ తాను మోసుకొచ్చిన ఉప్పును గోడ మీద వదిలేస్తుంది. మచ్చ బాత్రూమ్ వెనక గోడకే పరిమితమైతే మాత్రం నేలను అనుమానించకండి. పైపుదో, టైల్స్ సందులదో తప్పు.

అనుమానం తీరాలంటే ఒక చదరపు అడుగు పాలిథిన్ షీటును నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా గోడకు అంటించి రెండు రోజులు వదిలేయండి. షీటుకు గోడ వైపు నీటి బొట్లు కనిపిస్తే చెమ్మ లోపలి నుంచే వస్తోంది. గది వైపు కనిపిస్తే గాలి ఆడక పట్టిన చెమ్మ. దానికి ఎగ్జాస్ట్ ఫ్యాను, తెరిచిన కిటికీ చాలు.

లోపలి నుంచి వస్తుంటే, మచ్చ పై అంచుకు ఇంకో అడుగు పైదాకా ప్లాస్టరింగును ఇటుక కనిపించేలా చెక్కించాలి. ఇటుక మీది ఉప్పును పొడి బ్రష్షుతో దులపాలి. నీళ్ళతో కడిగితే కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. నేల మట్టానికి కాస్త పైన వరుసగా రంధ్రాలు చేసి చెమ్మను ఆపే రసాయనం ఎక్కించి, కొన్ని వారాలు గోడను ఆరనిచ్చి, అప్పుడు ప్లాస్టరింగు చేయించాలి. ఆరబెట్టడమే ఎవరికీ గిట్టదు. హాల్లో ఇటుకలు బయటపెట్టుకుని కూర్చుంటే వచ్చిన చుట్టమల్లా అడుగుతాడు. అడగనివ్వండి. "వాటర్‌ప్రూఫ్ పుట్టీ పట్టిస్తే సరిపోతుంది సార్" అనే పెయింటరు మాత్రం వచ్చే ఏడాది పనిని కూడా ఇప్పుడే ఖాయం చేసుకుంటున్నాడు.

సీలింగ్ మీద పసుపు మచ్చ

వాన పడినప్పుడే పెరుగుతోందా, ఏడాది పొడుగునా ఉందా? ఏడాది పొడుగునా ఉంటే పై ఫ్లాటు బాత్రూమ్. పైవాళ్ళను ఒప్పించి, అక్కడి నీళ్ళు పోయే రంధ్రం గుడ్డతో బిగించి, రంగు కలిపిన నీళ్ళు రెండంగుళాలు నింపి ఒక రోజు ఉంచితే కింద గుట్టు బయటపడుతుంది. టైల్స్ సందుల్లో ఎపాక్సీ గ్రౌటింగుతో ఆగితే అదృష్టం. ఆగకపోతే వాళ్ళ టైల్స్ పగలగొట్టి వాటర్‌ప్రూఫింగ్ మళ్ళీ చేయించాలి. ఈ విషయంలో మేస్త్రీ పనికన్నా మాట నేర్పు ఎక్కువ అవసరం.

వానకే పెరుగుతుంటే డాబా ఎక్కి చూడండి. ఇటుక ముక్కలు, సున్నం కలిపి వేసిన పొర మీద పరిచిన ఎర్ర టైల్స్ చెన్నై డాబాలకు పాత పద్ధతి, మంచి పద్ధతి కూడా. సందులు విచ్చుకుని రావి మొక్క మొలిచిందా, నీళ్ళు గొట్టం వైపు పారకుండా మధ్యలో నిలుస్తున్నాయా అన్నవే చూడాల్సినవి. డాబా అందరిదీ కాబట్టి ఖర్చూ అందరిదే. పై అంతస్తువాళ్ళ నెత్తిన రుద్దడం న్యాయం కాదు. పని ఫిబ్రవరి నుంచి మే లోపు ముగించుకోవాలి.

పెచ్చులూడి ఇనుప చువ్వ కనిపిస్తోంది

భయపడాల్సిన లక్షణమే, కానీ మర్నాడే ఇల్లు అమ్మేయాల్సినది కాదు. చువ్వకు పట్టిన తుప్పు అసలు ఇనుముకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించి, కాంక్రీటును లోపలి నుంచి నెట్టి పగలగొడుతుంది. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి చోట్ల సముద్రపు గాలిలోని ఉప్పు ఒక కారణం. ఉప్పు బోరు నీళ్ళతో కాంక్రీటు కలపడం మరొకటి. చువ్వలుండే కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. చువ్వ కింద కవరింగ్, అంటే చువ్వను కప్పే కాంక్రీటు మందం, చాలకపోవడం మూడోది. మామూలు వాతావరణంలోనే 20 మిల్లీమీటర్లు ఉండాలి, సముద్రం పక్కన ఇంకా ఎక్కువ. పెచ్చు ఊడిన చోట స్కేలు పెట్టి కొలిస్తే సంగతి తెలుస్తుంది.

చిన్న సుత్తితో సీలింగంతా తట్టుకుంటూ పోండి. గట్టి చోట టక్కుమంటుంది, విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది. డొల్ల ఉన్నంత మేరా సుద్దతో గీత గీయండి. గీతలు బాత్రూమ్, బాల్కనీ, సన్‌షేడ్ దాటకపోతే మరమ్మతు చాలు. వదులుగా ఉన్నదంతా చువ్వ వెనక దాకా తీసి, తుప్పు గీకి, తుప్పు పట్టని పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో నింపాలి. బాగా సన్నబడిన చువ్వ పక్కన కొత్తది కట్టాలి. ఇవేవీ చేయకుండా కింద ఫాల్స్ సీలింగ్ కొట్టించడం కన్నా ఘోరం ఇంకొకటి లేదు.

కింద పార్కింగ్‌లోని స్తంభాలకు నిలువు పగుళ్ళు, వాటి వెంట గోధుమ రంగు చారలు ఉంటే మేస్త్రీ మాట వదిలేసి స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి. ఈ దశలోనే చాలామంది కంగారుపడి అయినకాడికి అమ్మేస్తారు. నా అభిప్రాయంలో అది తొందరపాటు. 1980లలో టీ నగర్, వెస్ట్ మాంబళంలో కట్టిన రెండు మూడు అంతస్తుల భవనాల్లో ఫ్లాట్లు తక్కువ. అందువల్ల ఒక్కో ఫ్లాటుకు వచ్చే స్థలం వాటా, అందరూ యూడీఎస్ అనేది, కొత్త బహుళ అంతస్తుల భవనాల కన్నా ఎక్కువగా ఉంటుంది. 2022 నాటి తమిళనాడు అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం ప్రకారం మూడింట రెండు వంతుల యజమానులు ఒప్పుకుంటే భవనాన్ని కూల్చి కట్టుకోవచ్చు. దస్తావేజు తీసి మీ యూడీఎస్ ఎన్ని చదరపు అడుగులో చూసుకునే దాకా బ్రోకరుకు ఫోన్ చేయకండి.

వీధి నీళ్ళు ఇంట్లోకి వస్తున్నాయి

వేళచ్చేరి, ముడిచ్చూర్ వాళ్ళకు 2015 డిసెంబరు వరద గురించీ, 2023 డిసెంబరు నాటి మిచౌంగ్ తుపాను గురించీ నేను చెప్పనక్కర్లేదు. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడం వల్ల ఇల్లు పల్లమైపోతే దానికి మార్గాలున్నాయి. సొంత ఇంటిని జాకీలతో పైకెత్తడం ఇక్కడ బాగా నడుస్తున్న పని. గ్రౌండ్ ఫ్లోర్‌ను పార్కింగ్‌కు వదిలి పైన కట్టుకునేవాళ్ళూ ఉన్నారు. టాయిలెట్ నుంచి మురుగు ఎగదన్నుతుంటే బయటి పైపుకు నీటిని వెనక్కి రానివ్వని వాల్వు పెట్టించాలి. చెరువు పూడ్చిన నేల, చిత్తడి నేల అంచు అయితే మాత్రం ఏ మరమ్మతూ పనిచేయదు. పల్లికరణై చిత్తడి 2022లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకు ఎక్కింది. దాని చుట్టుపక్కల నీరు తన చోటికి తాను వస్తుంది.

కొనబోయే ఇల్లు ఎలాంటిదో ప్రహరీ మీది నీటి గీత చెబుతుంది. దానికి సున్నం కొట్టేసినా కరెంటు మీటరు బోర్డు చెబుతుంది. మీటర్లు, మోటారు స్టార్టరు తలకన్నా ఎత్తుకు జరిపి, పాత మేకుల గుర్తులు కింద మిగిలి ఉంటే బేరం ఆపేయండి.

ఇల్లు ఇరుకుగా, దిగులుగా ఉంది

ముందు అటక ఖాళీ చేయండి. తర్వాత లైట్లు, ఆ తర్వాత లేత రంగు. గోడ తీసేసి హాలు పెంచాలనుకుంటే అది తొమ్మిది అంగుళాల గోడో నాలుగున్నర అంగుళాల గోడో కొలిచి, ఇంజినీరు సరేనన్నాకే సుత్తి ఎత్తనివ్వండి. పాత ఇళ్ళలో మందపు గోడ స్లాబు బరువు మోస్తూ ఉండవచ్చు.

ఏ లోపమూ లేదు, అయినా కొనాలనిపిస్తోంది

లెక్క వేయండి. 80 లక్షల పాత ఫ్లాటుకు రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 80 శాతం, అంటే 64 లక్షల దాకా అప్పు వస్తుంది. మిగతా 16 లక్షలకు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి ఇంటి ధరలో 9 శాతం, 7 లక్షల 20 వేలు చేరుతుంది. తాళం చేతికి రాకముందే చేతి నుంచి 23 లక్షలు పోతాయి. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ళు కడితే నెలకు దాదాపు 55,500. అదే వీధిలో అలాంటి ఫ్లాటు అద్దె ఎంతో అడిగి పక్కన రాయండి. తేడా మీ జీతానికి భారం కాదనుకుంటే ముప్పై ఏళ్ళ ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), పట్టా, కంప్లీషన్ సర్టిఫికెట్ లాయరుకు చూపించండి. ఇక్కడివాళ్ళు విల్లంగం అనేది ఆ ఈసీనే. కాగితాలన్నీ బాగున్నా ఆ ప్రాంతం కొత్తదైతే ముందు అక్కడే పదకొండు నెలల ఒప్పందం మీద అద్దెకు దిగండి, నవంబరు తప్పకుండా అందులో ఉండేలా.