మొక్కు పరుగు వద్దు: క్యాన్సర్ జ్ఞాపక పరుగుకు వెళ్ళేవాళ్ళకు జాగ్రత్తలు

పోయిన ఏడాది ఒడిశాలోని బరంపురం దగ్గర, క్యాన్సర్‌తో పోయినవాళ్ళ జ్ఞాపకంగా పెట్టిన ఒక పరుగులో, ముగింపు గీత కనిపిస్తుండగా ఒకాయన కూలబడ్డాడు. యాభై దాటిన మనిషి. భార్య పోయి ఇంకా ఏడాది కాలేదు. ఛాతీ పట్టేసినట్టుందని సగం దారిలోనే పక్కనున్న కొడుకుతో అన్నాడట. "ఆగుదాం నాన్నా" అంటే, "మీ అమ్మ అంత నరకం పడింది, నేనీ కాస్త పడలేనా" అని ముందుకే కదిలాడట. గుంపులో ఒక నర్సు ఉండి వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టబట్టి బతికాడు.

మళ్ళీ ఆ రోజులొచ్చాయి. ఫిబ్రవరి 4 ప్రపంచ క్యాన్సర్ దినం పేరుతో మొదలై, ఎండలు ముదిరేదాకా మా గంజాం వైపు ఏదో ఒక ఆదివారం ఎవరో ఒకరు పరుగు పెడుతూనే ఉంటారు. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి కూడా చుట్టాలు వస్తారు. మంచి బూట్లు వేసుకోండి, నీళ్ళు తాగండి అని ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది వేరు. ఇది మొక్కు కాదు.

మామూలు ఐదు కిలోమీటర్ల పరుగులో ఆయాసమొస్తే మనిషి నడుస్తాడు, నవ్వుకుంటాడు, పక్కకొచ్చి కూర్చుంటాడు. టీషర్టు మీద అమ్మ ఫొటో ఉంటే అలా చెయ్యడు. నొప్పిని బాకీ తీరుస్తున్నట్టు భరిస్తాడు. ముందు రోజు ఉపవాసం, రాత్రి ఫొటో ముందు జాగారం, పొద్దున ఖాళీ కడుపు, చెప్పుల్లేని కాళ్ళు, ఇవన్నీ నేను చూసినవే. మనం కొండ మెట్లు మోకాళ్ళతో ఎక్కే జనం కాబట్టి ఇందులో తప్పేముందనిపిస్తుంది. కానీ ఎక్కేవాడు మెట్టుకో చోట ఆగుతాడు. ఇక్కడ వెనక గుంపు, ముందు మైకు, ఆగనివ్వవు.

ఆగితే పరువు తక్కువ అనుకునేవాళ్ళు టెర్రీ ఫాక్స్ సంగతి వినాలి. ఎముక క్యాన్సర్‌తో కుడికాలు తీసేయించుకున్న ఈ కెనడా కుర్రాడు, 1980లో క్యాన్సర్ పరిశోధనకు డబ్బు పోగు చెయ్యాలని కృత్రిమ కాలుతో దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగు మొదలుపెట్టాడు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాక, సెప్టెంబర్ 1న దగ్గు, ఛాతీ నొప్పి వచ్చాయి. కాస్త దూరం వెళ్ళి, తనే ఆగి, ఆస్పత్రికి తీసుకెళ్ళమన్నాడు. జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. పరుగు అక్కడితో ఆగింది, విరాళాలు మాత్రం ఆగలేదు. ఆయన పేరు మీద 1981 నుంచి ఏటా జరిగే పరుగులో గెలుపు ఓటములు లేవు, నడిచినా సరే. దారి చూపినవాడే ఆగాడు. మీరూ ఆగొచ్చు.

వారం ముందు

నన్నడిగితే ఎక్కువ ప్రమాదం పేషెంటు వెంట తిరిగినవాళ్ళకే. కటక్, విశాఖ, ముంబయి అంటూ నెలల తరబడి ఆస్పత్రి వరండాల్లో పడుకుని, వేళకు తినక, తమ బీపీ మాత్ర మర్చిపోయి, పేషెంటు మాత్రలు మాత్రం నిమిషం తేడా లేకుండా వేసినవాళ్ళు వీళ్ళు. ఇల్లు ఖాళీ అయ్యాక కూడా తమ గుండె సంగతి ఎవరికీ చూపించుకోరు. నలభై దాటినా, బీపీ, షుగర్ ఉన్నా, ఇంట్లో గుండెజబ్బు ఉన్నా ముందు డాక్టరును కలవండి. పరుగు పేరు చెప్పి అడగండి.

జబ్బు నుంచి బయటపడి, పోయినవాళ్ళ కోసం పరుగెత్తుదామనుకునేవాళ్ళు మీ క్యాన్సర్ డాక్టరు సరేనంటేనే రండి. డాక్సోరుబిసిన్ లాంటి కీమో మందులు కొందరిలో గుండె కండరాన్ని ఏళ్ళ తరవాత కూడా బలహీనపరుస్తాయి. పైకి బాగానే ఉంటారు. జబ్బు ఎముకల్లోకి పాకినవాళ్ళు పరుగు మాటే ఎత్తొద్దు.

ఆ వారంలో జ్వరం వస్తే మానేయండి. వైరల్ జ్వరం గుండె కండరాన్ని తాకి ఉండొచ్చు.

ఆ పొద్దున

తినండి. రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు చాలు. షుగర్‌కు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్ళు జేబులో గ్లూకోజు పెట్టుకోండి. ఉపవాసం ఇంకో రోజు ఉండండి.

ఆరింటికన్న పరుగు ఆరింటికి మొదలవదు. ముఖ్య అతిథి రావాలి, శాలువా కప్పాలి, మాట్లాడాలి. మొదలయ్యేసరికి ఎండ నెత్తి మీదుంటుంది. సముద్రం పక్కన ఇంకో చిక్కుంది: గాల్లో తేమకు చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. ఫోన్‌లో 29 డిగ్రీలే చూపిస్తోందని ధీమా వద్దు. పొద్దెక్కితే పది కిలోమీటర్లనుకున్నవాళ్ళు ఐదుకు మారండి. అడిగేవాళ్ళెవరూ ఉండరు.

నంబరు కార్డు వెనక మీ పేరు, బ్లడ్ గ్రూపు, ఇంటి ఫోను, వాడే మాత్రలు రాయండి. ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయండి, మిమ్మల్ని లేపేవాళ్ళకు తెలుగు చదవడం రాకపోవచ్చు.

ఇక మిగతావి. నాన్న బూట్లు వేసుకుని పరుగెత్తొద్దు, అవి నాన్న కాళ్ళవి. అద్దం ఫ్రేము చేత్తో పట్టుకోవద్దు. ఛాతీ నిండా ప్లాస్టిక్‌లా అంటుకునే ఫొటో అచ్చు వేయించొద్దు, గాలాడదు, చిన్నది చాలు. పక్కవాళ్ళతో మాట్లాడగలిగే వేగమే మీ వేగం. మాట రావట్లేదా, నడవండి. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో లాగుతున్న నొప్పి, కళ్ళు తిరగడం, వీటిలో ఏదొచ్చినా ఆగండి. ఇంకో వంద మీటర్లే అని మైకువాడంటాడు, వినొద్దు. చివర్లో గీత చూసి ఒక్కసారిగా దూకొద్దు. పరుగుల్లో గుండె ఆగేది ఎక్కువగా ఆఖరి భాగంలోనే. గీత దాటగానే కూలబడొద్దు, పది నిమిషాలు మెల్లగా నడవండి.

పక్కవాడు ఏడుస్తూ తూలుతుంటే బాధలే అని వదిలేయొద్దు. ఈ పరుగుల్లో అందరూ ఏడుస్తారు కాబట్టే వడదెబ్బ కళ్ళముందున్నా కనపడదు. పేరడగండి, ఊరడగండి. జవాబు తికమకగా వస్తే నీడకు లాగండి, నెత్తిన, ఒంటి నిండా నీళ్ళు పొయ్యండి, విసరండి, 108కి చెయ్యండి. చల్లబరచడం ముందు, బండెక్కించడం తరవాత. స్పృహ లేదు, ఊపిరి సరిగా లేదు అంటే నోట్లో నీళ్ళు పొయ్యొద్దు. ఛాతీ మధ్యలో రెండు అంగుళాలు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. అంబులెన్సు వచ్చేదాకా ఆపొద్దు.

సీసాలకు సీసాలు ఉత్త నీళ్ళు తాగొద్దు, రక్తంలో ఉప్పు పడిపోతుంది. దాహమైనంతే తాగండి, ఓఆర్ఎస్ అయితే ప్యాకెట్ మీద చెప్పినంత నీళ్ళలోనే కలపండి. నోటి క్యాన్సర్ ఉందేమోనని నోరు చూసే టెంటు వేస్తే, చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మమ్మను, పళ్ళకు గుడాకు అనే పొగాకు ముద్ద రుద్దే మావయ్యను లాక్కెళ్ళి చూపించండి, మానని పుండు ఉంటే అసలు వాయిదా వెయ్యొద్దు. రసీదు ఇవ్వనివాడికి విరాళం ఇవ్వొద్దు. పిల్లల్ని మీతో పోటీకి లాగొద్దు.

మళ్ళీ చెప్తున్నాను, మొక్కు కాదు. ఆగండి.

తిరుగు ప్రయాణంలో హైవే మీద బైకు మీరు నడపొద్దు. నిద్ర లేదు, ఏడ్చి ఉన్నారు, కాళ్ళు వణుకుతున్నాయి. తాళం ఇంకొకరికిచ్చి వెనక కూర్చోండి.