వాలంటీరు బడి – 4వ పాఠం: "నేను చూసుకుంటాలే అన్నా"

పోయిన పాఠం చివర ఇచ్చిన పని చేశారా? మీ కాలేజీలో జరగబోయే ఏదో ఒక కార్యక్రమం తీసుకుని, ఆ రోజు పొద్దుట్నుంచి రాత్రి దాకా జరగాల్సిన పనులన్నీ కాగితం మీద పెట్టమన్నాను. నిజాయితీగా రాస్తే నలభై యాభై దాకా వస్తాయి. పదిహేను దగ్గరే ఆగిపోయాయంటే "డెకరేషన్", "ఫుడ్", "స్టేజ్" అంటూ మూటలు కట్టేశారన్నమాట. ముందు ఆ మూటలు విప్పండి. ఈ పాఠానికి విడివిడి పనులే కావాలి, ఎందుకంటే ఇవాళ నేర్చుకునేది పని అప్పగించడం.

చెప్పేస్తే పోయేదానికి పాఠం ఎందుకని అనిపించవచ్చు. ఆఫీసులో మేనేజరు చెబితే జీతం కోసమైనా వింటారు. లెక్చరరు చెబితే ఇంటర్నల్ మార్కుల భయం ఉంటుంది. వాలంటీర్లను నడిపించే మీ చేతిలో ఈ రెండూ లేవు. సెకండియర్ కుర్రాడు "రేపు రాలేనన్నా, ఊరెళ్తున్నా" అంటే మీరు చేయగలిగింది ఏమీ లేదు. అలాంటి చోట నలుగురితో పని చేయించడం అలవాటైనవాళ్లకు, రేపు ఉద్యోగంలో పదిమంది టీమ్ ఇచ్చినా పెద్ద టెన్షన్ ఉండదు. ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో లీడర్‌షిప్ గురించి అడిగినప్పుడు "మా ఫెస్ట్‌కి కోఆర్డినేటర్‌గా చేశాను సార్" అని ఆగిపోయేవాళ్లకూ, ఎవరికి ఏ పని ఎందుకు ఇచ్చారో చెప్పగలిగేవాళ్లకూ తేడా కూడా అక్కడే తెలుస్తుంది.

సర్టిఫికెట్ ఆ తేడా చూపించదు. ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) సంగతే తీసుకోండి. 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో మొదలైన పథకం అది. రెండేళ్లలో 240 గంటల సేవ, దాంతోపాటు ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. ఆ శిబిరంలో చీపురు పట్టుకుని ఫొటో దిగి చెట్టు కింద కూర్చున్నవాళ్లూ ఉంటారు. సర్పంచిని ఒప్పించి, బడి తాళాలు సంపాదించి, యాభై మందికి పడక, నీళ్లు ఏర్పాటు చేసినవాళ్లూ ఉంటారు. కాగితం ఇద్దరికీ ఒకటే.

సరే, పనిలోకి దిగుదాం. మన సభల్లో తప్పనిసరిగా ఉండే జ్యోతి ప్రజ్వలనతో మొదలుపెడదాం. చూడటానికి అరనిమిషం వ్యవహారం.

"తమ్ముడూ, దీపం సంగతి నువ్వు చూసుకో" అంటారు మీరు. "నేను చూసుకుంటాలే అన్నా" అంటాడు అతను. చూసుకుంటాడు కూడా. పొద్దున్నే కుంది తెచ్చి, తుడిచి, పూలు చుట్టి వేదిక మీద పెడతాడు. అతని లెక్కలో పని అయిపోయింది. ముఖ్య అతిథి లేచి వచ్చాక చూస్తే వత్తులు పొడిగా ఉంటాయి. అగ్గిపెట్టె కనపడదు. "అగ్గిపెట్టె ఎవరి దగ్గరైనా ఉందా" అని మైకులో అడిగితే వెనక వరసల్లోంచి ఈలలు. (ఉన్నవాళ్లు కూడా హెచ్‌వోడీ ఎదురుగా జేబులోంచి తీయరు, అది వేరే సంగతి.) చివరికి ఎక్కడినుంచో అగ్గిపెట్టె వస్తుంది, వెలిగించగానే ఫ్యాను గాలికి ఆరిపోతుంది. ఫొటోగ్రాఫర్ "సార్, ఇంకోసారి" అంటాడు.

తప్పు ఆ కుర్రాడిది అనేస్తే మనకు హాయిగా ఉంటుంది. కానీ అతనికి అప్పగించింది ఏమిటి? ఒక మూట. అదే పనిని ఇలా చెప్పి చూడండి:

"తొమ్మిదింపావుకల్లా కుంది వేదిక మీద ఉండాలి. వత్తులన్నీ నూనెలో తడిపి కొసలు బయటికి లాగి పెట్టు. కొసల మీద చిన్న కర్పూరం ముక్కలు పెడితే వెంటనే అంటుకుంటాయి. పళ్లెంలో కొవ్వొత్తి ఒకటి, అగ్గిపెట్టెలు రెండు. వేదిక మీది ఫ్యాను స్విచ్ ఎక్కడుందో ముందే చూసుకో, అతిథి లేవగానే ఆపాలి. అంతా సర్దాక ఒక వత్తి వెలిగించి చూసి, ఆర్పేసి నాకు ఫొటో పంపు. నూనె, కర్పూరం డబ్బులు అక్క దగ్గర తీసుకో. పూలు, ముగ్గు నీ ఇష్టం."

నిమిషం కూడా పట్టదు. ఇందులో ఏమేం ఉన్నాయో గమనించండి. ఎక్కడికి వస్తే పని అయిపోయినట్టో ఉంది. ఎప్పటికి కావాలో ఉంది. డబ్బు ఎవరి దగ్గరో ఉంది. అయ్యాక మీకు ఎలా తెలియాలో ఉంది. "నీ ఇష్టం" అని వదిలేసిన భాగం కూడా ఉంది, దాన్ని మాత్రం మర్చిపోవద్దు. ప్రతి పువ్వూ ఎక్కడ పెట్టాలో మీరే చెబితే అతను కూలీ అయిపోతాడు, వచ్చే ఏడాది కనపడడు.

చెప్పాక "అర్థమైందా?" అని అడగకండి. ఆ ప్రశ్నకు మన దగ్గర ఒకటే జవాబు: "ఆ, అర్థమైందన్నా." దాని బదులు "మొదట ఏం చేస్తావ్?" అని అడగండి. అతను "కుంది ఎవరి దగ్గరుందో కనుక్కుంటా" అన్నాడంటే అది ఎక్కడుందో చెప్పడం మీరు మర్చిపోయారన్నమాట. విమానాల్లో ఇది నియమం. ఏటీసీ (కింద నుంచి విమానాలను నడిపించే కంట్రోలర్లు) చెప్పిన రన్‌వే నంబరు, ఎత్తు పైలట్ తిరిగి చదివి వినిపించాలి, అవతలివాళ్లు విని సరిచూడాలి. అంత అనుభవం ఉన్నవాళ్లకే అవసరమైన పద్ధతి మనకు నామోషీ ఎందుకు?

ఇక వాట్సాప్ గ్రూపు. "ఎవరైనా వచ్చేటప్పుడు ప్రింటవుట్లు తీసుకురండి" అని పెడతారు. ముప్పై మంది చూస్తారు, పదిమంది బొటనవేలు పెడతారు, ప్రింటవుట్లు మాత్రం రావు. మనవాళ్లు బద్ధకస్తులని తిట్టుకునే ముందు 1968లో జాన్ డార్లీ, బిబ్ లాటానే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో ప్రచురించిన ప్రయోగం చూడండి. విద్యార్థులను విడివిడి గదుల్లో కూర్చోబెట్టి ఇంటర్‌కమ్‌లో మాట్లాడుకోమన్నారు. మధ్యలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు మాటలు వినిపిస్తాయి (అది ముందే రికార్డు చేసింది). వింటున్నది తామొక్కరే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది ఆ మాటలు ఆగేలోపే లేచి సాయం కోసం వెళ్లారు. మరో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్లలో అలా కదిలింది 31 శాతమే. ప్రాణం మీదికి వచ్చినప్పుడే ఇలా ఉంటే ప్రింటవుట్ల గతి చెప్పాలా? గ్రూపులో సమాచారం పెట్టండి, పని పెట్టకండి. పనికి ఒకే పేరు ఉండాలి. ఇద్దరు కావాల్సి వస్తే వాళ్లలో జవాబు చెప్పేది ఎవరో చెప్పండి.

ఇప్పుడు కొంచెం పెద్ద పని, రిజిస్ట్రేషన్ డెస్క్. ఇక్కడ అప్పగించే ముందు లెక్క వేయాలి. 400 మంది వస్తారనుకోండి. పేరు వెతికి, టిక్ పెట్టి, బ్యాడ్జి, భోజనం కూపన్ ఇచ్చేసరికి మనిషికి 45 సెకన్లు. మొత్తం 18,000 సెకన్లు, అంటే ఒకే బల్ల ఉంటే 5 గంటలు. నాలుగు బల్లలు వేస్తే గంటంపావు. తొమ్మిదికి తెరిస్తే పదింపావుకు అయిపోతుందనిపిస్తుంది. కానీ జనం నిమిషానికి ఇంతమంది అని వరసగా రారు. కాలేజీ బస్సులన్నీ తొమ్మిదిన్నరకు ఒకేసారి వచ్చి ఆగుతాయి. కాబట్టి ఆరు బల్లలకు మనుషుల్ని చూసుకోండి.

వరసల్ని పేర్లను బట్టి విడదీయాలని చాలామంది చూస్తారు. మన దగ్గర అది కుదరదు. ఒకరు ఇంటిపేరు ముందు రాస్తారు, ఇంకొకరు చివర రాస్తారు, పైగా సగం హాలు సాయిలే. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీ అయితే హాల్‌టికెట్ నంబరు ఉండనే ఉంది. పది అక్షరాల్లో ఏడు, ఎనిమిది స్థానాలు బ్రాంచివి: 01 సివిల్, 02 ఈఈఈ, 03 మెకానికల్, 04 ఈసీఈ, 05 సీఎస్ఈ. సీఎస్ఈ వాళ్లు ఎక్కువుంటే 05కి రెండు బల్లలు ఇవ్వండి. బయటి కాలేజీలవాళ్లకు, స్పాట్ రిజిస్ట్రేషన్‌కు ఒకటి వేరే. అది కాక ఇంకొక బల్ల "సమస్యలకు" పెట్టండి. "డబ్బులు కట్ అయ్యాయన్నా, మీకు రాలేదా?" అని ఫోను చూపించేవాళ్లందరినీ అక్కడికి పంపాలి. లేకపోతే ఆ ఒక్కడి వెనక నలభై మంది నిలబడిపోతారు. ఆ బల్ల దగ్గర మీ జట్టులో అందరికన్నా ఓపికైన సీనియర్‌ను కూర్చోబెట్టండి.

మరి మీరు ఎక్కడ కూర్చుంటారు? ఎక్కడా కూర్చోకూడదు. ఈ పాఠంలో కష్టమైన భాగం ఇదే. బాగా పనిచేసే వాలంటీర్లు కోఆర్డినేటర్ అవగానే చతికిలబడేది ఇక్కడే. జూనియర్ నెమ్మదిగా పేరు వెతుకుతుంటే మనసు ఊరుకోదు. "లే, నేను చేస్తా" అని కుర్చీ లాక్కుంటారు. ఆ వరస చకచకా కదులుతుంది, మిగతావి మీ కంటికి కనపడవు, మూడో బల్ల మీద బ్యాడ్జీలు అయిపోయాయని చెప్పడానికి మీరు దొరకరు. "వీడికి చెప్పేకన్నా నేనే చేసుకుంటే పోలా" అనిపించిన ప్రతిసారీ ఒకటి గుర్తు పెట్టుకోండి: ఆ ఒక్క పని త్వరగా అవుతుంది, ఆ కుర్రాడికి మాత్రం వచ్చే ఏడాదికీ రాదు. జనం రాకముందు అతని పక్కన నిలబడి అయిదుగురి పేర్లు వెతికించండి. తర్వాత దూరంగా, అన్ని బల్లలూ కనిపించే చోటికి వెళ్లి నిలబడండి.

దూరంగా ఉండమన్నాను కదా అని గాలికి వదిలేయమని కాదు. ఏది సరిచూడాలో ఎంచుకోవడానికి నేను వాడే కొలత ఒకటే: తప్పు జరిగితే సరిదిద్దుకునే టైమ్ ఉంటుందా? కుర్చీల వరస వంకరగా ఉంటే అయిదు నిమిషాల్లో సర్దవచ్చు, దాని జోలికి పోకండి. ఫ్లెక్సీ మీద అతిథి పేరులో అక్షరం పోతే అంతే. ముందురోజు రాత్రి ప్రింటయ్యాక చేసేదేం లేదు. అందుకే ఫ్లెక్సీ, ఆహ్వానపత్రం, సర్టిఫికెట్లలో పేర్లు ప్రింటుకు వెళ్లకముందే టైప్ చేయని మనిషి పైకి చదవాలి. టైప్ చేసినవాడి కళ్లకు తన తప్పు కనపడదు. భోజనం సంఖ్య కూడా అంతే, వంటవాళ్లకు చెప్పేముందు ఒకసారి అడగండి.

అప్పగించిన పని ఆగిపోతే? ఫోను స్విచ్ఛాఫ్ అయితే? ముందు పని నడిపించండి, మనిషి సంగతి సాయంత్రం. అందరి ముందూ "నిన్ను నమ్ముకున్నందుకు..." అని మొదలుపెట్టారంటే అతనితోపాటు విన్నవాళ్లు కూడా రేపు పని ఒప్పుకోరు. సాయంత్రం విడిగా కూర్చోబెట్టి "ఎక్కడ ఆగిపోయింది?" అని అడగండి. వాళ్ల హెచ్‌వోడీ ఓడీ (క్లాసుకు రాకపోయినా హాజరు వేసే 'ఆన్ డ్యూటీ' అనుమతి) ఇవ్వలేదని అప్పుడు బయటపడొచ్చు.

వందన సమర్పణలో మాత్రం యాజమాన్యం, స్పాన్సర్ల తర్వాత దీపం సర్దిన కుర్రాడి పేరు కూడా చదివించండి.

వచ్చే పాఠానికి పని: మీ జాబితాలోంచి మూడు పనులు తీసుకోండి. ఒకటి చిన్నది, ఒకటి వెనక్కి తీసుకోలేనిది, ఒకటి మీకు బాగా వచ్చినది, అందుకే ఎవరికీ ఇవ్వబుద్ధి కానిది. దీపం విషయంలో చెప్పినట్టే ఒక్కోదాన్నీ నాలుగైదు వాక్యాల్లో రాసి, ముగ్గురికి నోటితోనే చెప్పండి. "మొదట ఏం చేస్తావ్?" అని అడిగి, వాళ్లు చెప్పిన జవాబు ఉన్నదున్నట్టు రాసుకోండి. మూడోది ఇచ్చాక మధ్యలో ఎన్నిసార్లు వేలు పెట్టారో కూడా రాయండి.

5వ పాఠంలో చెడ్డ కబురు పైవాళ్లకు చెప్పడం నేర్చుకుందాం. సభ పదిన్నరకు. ఎనిమిదింటికి ముఖ్య అతిథి పీఏ ఫోన్ చేసి "సార్ రావడం లేదు" అన్నారు. ప్రిన్సిపాల్‌తో మీ మొదటి వాక్యం ఏమిటి? ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి.