గడీ ఫొటోలకు పుష్యమాసం మంచిది

పెళ్లి ఫొటోలు తీయడం నా వృత్తి. పుష్యంలో ముహూర్తాలుండవు కాబట్టి ఆ నెలంతా జనగామ చుట్టుపక్కల పాడుబడిన గడీలు, అంటే ఒకప్పటి దొరల కోటల్లాంటి ఇళ్లు, తిరుగుతాను. మీరూ అప్పుడే వెళ్లండి. పొదలు ఎండి, కాలు ఎక్కడ పెడుతున్నామో కనిపిస్తుంది.

వానాకాలం అసలు వద్దు. కప్పు మీద మొలిచిన రావి వేళ్లు డంగు సున్నాన్ని (గానుగలో నూరిన పాతకాలపు సున్నం) చీలుస్తాయి. ఆ చీలికలోంచి నీళ్లు దిగి, టేకు దూలం గోడలోకి పోయిన చోట పుచ్చుతుంది. బయటికి మాత్రం గట్టిగానే కనిపిస్తుంది. అందుకే నేను మేడ ఎక్కను. కింద కూడా కర్రతో తట్టుకుంటూ నడవాలి. గుప్తనిధుల కోసం తవ్విన గోతులను ఆకులు కప్పేస్తాయి. ఓసారి తొడ దాకా దిగబడ్డాను, తోడు వచ్చినవాడు లాగితే బయటపడ్డాను. ఒంటరిగా వెళ్లకండి. పాడుబడినా గడీకి వారసులుంటారు, ఊళ్లో అడిగి అనుమతి తీసుకున్నాకే లోపలికి వెళ్లండి. గబ్బిలాల పెంట ఉంటుంది, మాస్క్ తప్పనిసరి.

ఉదయం ఏడు నుంచి తొమ్మిది దాకా వెలుగు ఏటవాలుగా పడుతుంది. ట్రైపాడ్ మీద ఐఎస్ఓ 100, ఎఫ్ 8 పెట్టండి. చీకటి గదిలోంచి కిటికీని ఫొటో తీస్తుంటే రెండు స్టాపుల తేడాతో, అంటే ఒక్కోదానికి వెలుగు నాలుగు రెట్లు మారేలా, మూడు ఎక్స్‌పోజర్లు తీసి కలపండి. ఫ్లాష్ వేస్తే గోడ చదునైపోతుంది. పక్క వెలుగులో చూడండి: పైన పసుపు సున్నం పెచ్చు, దాని కింద నీలం, ఆ కింద నున్నటి గచ్చు పూత. ఒకచోట ఆ గచ్చులో నాలుగు వేళ్ల గుర్తులు కనిపించాయి. పచ్చిగా ఉన్నప్పుడు ఏ కూలీ చెయ్యి ఆన్చాడో!

అందరూ చెక్కిన పెద్ద దర్వాజ ఫొటో తీస్తారు. వెనక వాకిలి కూడా తీయండి. మా నాయనమ్మ వెట్టికి, అంటే దొరకు కూలి లేని చాకిరీకి, ఆ దారినే వెళ్లింది. దొరల మీద పోరాటంలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య ప్రాణం పోయిన కడవెండి ఊరు ఈ ప్రాంతంలోదే. వీలైతే ఊళ్లో ఒక ముసలమ్మను వెంట తీసుకెళ్లండి. నాతో వచ్చిన అవ్వ వాకిట్లోనే చెప్పులు విడిచింది. వేసుకోమన్నాను. "ఈడ చెప్పులతోటి తిరగనియ్యకపోతుండె బిడ్డా" అంది. వడ్లు దంచిన కుందెన దగ్గర ఉత్త కాళ్లతో ఆమె నిలబడిన ఫొటో ప్రింటు వేయించి ఆమెకే ఇచ్చాను.

ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టేముందు లొకేషన్ తీసేయండి. తవ్వేవాళ్లు వాటిని చూసే వస్తారు.