నేల లోతు వినడం, 3వ పాఠం: సమ్మెట దెబ్బ, మొదటి రాక

పోయిన పాఠంలో చెనిక్కాయ చేలో కేబులు పరిచి, 3 మీటర్లకొకటి చొప్పున 24 జియోఫోన్లు (నేల అదురును పట్టే చిన్న పరికరాలు) పెట్టుకున్నాం. ఈసారి నేలమీద దెబ్బ కొట్టి, దాని అల ఒక్కో జియోఫోన్‌కు చేరే కాలం చదివి, కింద రాయి ఎంత లోతుందో లెక్కకడదాం.

ముందు నాటడం సరిచూసుకోండి. సగం సర్వేలు చెడేది ఇక్కడే. వేసవిలో అనంతపురం ఎర్రనేల పైన నాలుగు వేళ్ల మందం పొడిగా ఉంటుంది. అందులో జియోఫోన్ ముల్లు గుచ్చితే నిలబడుతుంది గానీ నేలను పట్టుకోదు. వేలితో కదిపి చూడండి, ఊగితే పనికిరాదు. పొడిమన్ను పక్కకు తోసి, గట్టి మన్ను తగిలాక నిటారుగా అరచేత్తో అదమండి. దిగకపోతే మేకుతో ముందే బెజ్జం పెట్టుకోండి. దాని నెత్తిన మాత్రం రాయితో కొట్టొద్దు. లోపల అయస్కాంతం, స్ప్రింగుకు వేలాడే సన్నని తీగచుట్ట ఉంటాయి. నేల అదిరితే అయస్కాంతం కదులుతుంది, చుట్ట ఉన్నచోటే ఉండబోతుంది. ఆ తేడాతోనే వోల్టేజీ పుడుతుంది.

ఇక దెబ్బ. ఇనుప పలక మీద 8 కిలోల సమ్మెట. పిడికి కట్టిన ట్రిగ్గర్, దెబ్బ తగిలిన క్షణాన్ని సున్నాగా సీస్మోగ్రాఫ్‌కు, అంటే జియోఫోన్ల సంకేతాలు నమోదు చేసే పెట్టెకు, అందిస్తుంది. ఒకేచోట 9 దెబ్బలు కలిపితే సంకేతం 9 రెట్లవుతుంది, గాలి రొద 3 రెట్లే పెరుగుతుంది. అయినా గాలి లేవకముందే, తెల్లవారి ఆరింటికే పని మొదలుపెట్టడం మేలు. పక్క చేలో బోరు ఆడుతుంటే "అన్నా, పది నిమిషాలు మోటారు ఆపుతావా" అని అడగండి. చూడవచ్చినవాళ్లను కూర్చోబెట్టండి. దూరపు జియోఫోన్ దగ్గర ఒక్క అడుగు పడినా మన దెబ్బ అందులో మునిగిపోతుంది.

తెరమీద ఒక్కో జియోఫోన్ గీత మొదట ఎక్కడ వంగిందో అక్కడ గుర్తు పెట్టండి. శిఖరం దగ్గర కాదు, వంపు మొదలైన చోట. దూరం అడ్డంగా, కాలం నిలువుగా గీయండి. ఒక లెక్క చూద్దాం: 30 మీటర్ల దగ్గర 60 మిల్లీసెకన్లు, 60 మీటర్ల దగ్గర 66. మొదటి 30 మీటర్లలో వేగం సెకనుకు 500 మీటర్లు, అది మన్ను. తర్వాత 5000, అది గట్టి గ్రానైటు. పల్లెదారిలో నేరుగా పోయినవాడికన్నా, చుట్టు తిరిగి 44వ నంబరు హైవే ఎక్కినవాడు దూరపు ఊరికి ముందు చేరినట్టే, లోతుకు దిగి రాతిలో పోయిన అల ముందు వస్తుంది. మనం గీసిన దూరం-కాలం గీత వాలు మారింది 30 మీటర్ల దగ్గర, అందులో సగం 15. వేగాల తేడాను వేగాల మొత్తంతో భాగించి వర్గమూలం తీస్తే 0.905. రెండూ గుణిస్తే రాయి లోతు సుమారు 13.6 మీటర్లు.

ఇది నీళ్ల లోతు కాదు, రైతుకు ముందే చెప్పండి. రాయి పైన కుళ్లిన పొర ఎంత మందమో తెలుస్తుంది, అంతే. కడప వైపు నాపరాయి కింద మెత్తని పలకరాయి ఉన్నచోట ఈ పద్ధతికి ఆ పొర కనిపించదు. కిందికి పోయేకొద్దీ వేగం పెరిగితేనే ఇది పనిచేస్తుంది.

1970లలో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వాళ్లు కావలి నుంచి ఉడిపి దాకా, కడప రాళ్ల మీదుగా భూపటలం మందం కొలిచినప్పుడు సమ్మెట బదులు పేలుడు పదార్థం వాడారు. దెబ్బ కొట్టి అల రాకకు పట్టిన కాలాన్ని చదవడం అక్కడా ఇదే.

ఇంటిపని: రెండో కొస నుంచీ కొట్టండి. రెండు గీతల వాలు వేరుగా వస్తే కంగారుపడొద్దు, కింది రాయి ఒక పక్కకు ఒరిగి ఉండొచ్చు. ఆ లెక్క 4వ పాఠంలో. ఈ కొస నుంచి ఆ కొసకు పట్టే కాలం మాత్రం రెండువైపులా ఒకటే రావాలి. రాకుంటే ముందు ట్రిగ్గర్ తీగ చూడండి.