నాలుగు గవ్వలు, గుప్పెడు జీడిపప్పు: జంతువులుగా ఆడే రోల్‌ప్లే గేమ్ మన శ్రీకాకుళంలో ఎలా నడపాలి

టేబుల్‌టాప్ రోల్‌ప్లే అంటే తెలియనివాళ్ళకి ముందు రెండు ముక్కల్లో చెప్పీస్తాను. నలుగురైదుగురు కూర్చుంటారు, ఒకడు కథ నడుపుతాడు, వాణ్ణి గేమ్ మాస్టర్ అంటారు, మిగతావాళ్ళు తలో పాత్ర పట్టుకుని "నేనిలా చేస్తాను" అని నోటితోనే ఆడతారు, ఆ పని అయ్యిందో లేదో డైస్ చెప్తుంది. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో మొదలైన పద్ధతి ఇది. రెండేళ్ళకే, 1976లో, కుందేళ్ళుగా ఆడే బన్నీస్ అండ్ బరోస్ వచ్చీసింది, కాబట్టి జంతువులుగా ఆడ్డమేటి, చిన్నపిల్లల ఆట అని ఎవడైనా నవ్వితే ఆ సంవత్సరం చెప్పి ఊరుకోండి.

మేం మొదటిసారి ఆడింది సంక్రాంతి సెలవుల్లో, మేడ మీద. నేనే చెడగొట్టాను. సింహం రాజు, పులి సేనాపతి, కోట, యుద్ధం అన్నీ నోట్‌బుక్‌లో రాసుకొచ్చి గంటన్నర సేపు రూల్సే చెప్పాను, మా చిన్నబావ పిట్టగోడకి జారబడి నిద్రపోయాడు. తర్వాత తెలిసిందేటంటే నేను సింహం చేతికి కత్తి ఇచ్చాను, కత్తి పట్టుకున్నాక అదింకేం సింహం, తోక తగిలించుకున్న మా బావే కదా.

అందుకని ఇప్పుడు ఒకటే రూలు ముందు చెప్తాను. తెలివి మనిషిది, ఒళ్ళు జంతువుది. జంతువులన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, మనుషుల మాట వాటికి అర్థమవుతుంది, వాటి మాట మనుషులకి అర్థం కాదు, చదవడం మాత్రం గుంపులో ఒక్కరికే వచ్చు. ఇంతే. మీరు జోకులు వెయ్యక్కర్లేదు, అసలు వెయ్యొద్దు, ఇలా వాటంతటవే వస్తాయి:

"బావా, పాలగిన్నె మూత తీసీస్తాను."
"ఏటితో తీస్తావు?"
"చేత్తో."
"నువ్వు మేకవి."
"...అయితే కొమ్ముతో."
"పక్క గదిలో అమ్మమ్మ పడుకుంది. చప్పుడవుద్ది."
"పోన్లే, కాకిని పిలుస్తాను. అది నాకు బాకీ ఉంది."

ఆ కాకి ఏం బాకీ ఉందో ఆ క్షణం దాకా నాకూ తెలీదు, దాని మీదే తర్వాత రెండు సెషన్లు నడిచాయి.

పాత్రలు మన జిల్లా నుంచే తీసుకోండి, ఆఫ్రికా జిరాఫీలు వద్దు. శ్రీకూర్మం గుళ్ళో నక్షత్ర తాబేళ్ళు ఉంటాయి కదా, అది పెద్దమనిషి పాత్ర, అందరూ మాట వింటారు గానీ ఎక్కడికెళ్ళాలన్నా ఎవరో ఒకరు మొయ్యాలి. ఉద్దానం ఎలుగుబంటికి ముక్కు బ్రహ్మాండం, చూపు అంతంతే, కాబట్టి దూరంగా ఉన్నది మనిషో దిష్టిబొమ్మో గేమ్ మాస్టర్ దానికి చెప్పకూడదు. చేపల మార్కెట్ పిల్లికి తీపి రుచి తెలీదు (ఇది నిజం, పిల్లుల నాలిక్కి తీపి అందదు), లంచంగా లడ్డూ ఇస్తే అవమానంగా ఫీలవుతుంది. కాకి మనుషుల మొహాలు గుర్తుపెట్టుకుంటుంది, కాకి ఆడేవాడి చేత తనకి పగ ఉన్న ముగ్గురి పేర్లు మొదటిరోజే రాయించండి. ఇంక ఆర్టీసీ కాంప్లెక్స్ కుక్క, దానికి అన్ని బస్సుల టైములూ తెలుసు, ఒక్క బస్సూ ఎక్కలేదు.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఎప్పుడో వచ్చే అన్నయ్య ఒకడు ప్రతి ఇంట్లో ఉంటాడు, వాడు రాకపోతే కథ ఆగిపోతుంది. వాడికి తేలినీలాపురం గూడబాతు ఇచ్చీండి. అవి చలికాలం ముందు వచ్చి గూళ్ళు పెట్టి ఎండాకాలంలో వెళ్ళిపోతాయి, కాబట్టి వాడు లేకపోయినా కథలో లోటుండదు, వచ్చినప్పుడు "సైబీరియాలో ఏం జరిగిందో తెలుసా" అని ఏం కోతలు కోసినా చెల్లుతుంది.

ప్రతి పాత్రకీ ఒక సత్తా, ఒక బుద్ధి రాసుకోండి. కుక్కబుద్ధి అంటాం చూడండి, ఆ బుద్ధి. కాగితం మీద రెండు లైన్లు దాటకూడదు.

డైస్ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి గానీ మేం అష్టాచెమ్మా గవ్వలే వాడతాం. నాలుగు గవ్వలు వెయ్యాలి. రెండో మూడో వెల్లకిలా పడితే పని అయిపోయినట్టు. ఒక్కటే పడితే పని అవుతుంది గానీ కూడా ఒక గొడవ వస్తుంది. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అడిగినదాని కంటే ఎక్కువ దక్కుతుంది. నాలుగూ బోర్లా పడితే అష్టా, అప్పుడు తెలివి పోయి బుద్ధి బయటికొస్తుంది, అంటే కుక్క సీక్రెట్ మీటింగ్ మధ్యలో స్కూటర్ వెనకాల పరిగెడుతుంది. నాలుగు గవ్వలు పదహారు రకాలుగా పడొచ్చు, అందులో చెమ్మా ఒకటి, అష్టా ఒకటి, రెండో మూడో పడేవి పది, ఒకటి పడేవి నాలుగు. అంటే ఎక్కువసార్లు పని అవుతూనే ఉంటుంది, సరదా ఆటకి అలాగే ఉండాలి. గవ్వ నాణెంలా సరిసమానంగా పడదు, మీ గవ్వల్ని ముందు ఒక యాభైసార్లు వేసి చూసుకోండి, లేకపోతే చింతపిక్కలు చీల్చి అరగదీసుకోండి. సత్తాకి సరిపోయే పనైతే ఒకటి పడినా గొడవ లేదు. అసలు కుదరని పనికి గవ్వలే వెయ్యనివ్వొద్దు, తాబేలు గోడ దూకదు, అంతే.

అష్టా రూలుకి మా అమ్మమ్మ ఒప్పుకోలేదు. "అష్టా పడితే ఎనిమిది కదరా, అదృష్టం కదా, దాన్ని పాడుచేస్తావేట్రా" అంది. అందుకని అష్టా పడినవాడికి ఒక జీడిపప్పు ఇస్తాం. ఈ జీడిపప్పు సంగతేటంటే, సెషన్ మొదట్లో ఒక్కొక్కరికీ మూడు పలాస జీడిగుళ్ళు, గవ్వలు మళ్ళీ వెయ్యాలంటే ఒకటి తినాలి. పదినిమిషాల్లో అందరూ ఊరికే తినీసి చేతులు దులుపుకుంటారు, అది వాళ్ళ ఖర్మ. విడిగా మురీ మిక్చర్ పెడితే కొంచెం ఆగుతారు.

కథ విషయానికొస్తే, సమస్య చిన్నదిగా ఉండాలి, జంతువులకి మాత్రం అది ప్రాణం మీదికి రావాలి. మాకు బాగా పండింది పొందూరు కథ. పొందూరు ఖద్దరుకి పత్తి ఏకడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు, దాని సన్నపళ్ళు దువ్వెనలా పనిచేస్తాయి. ఒక ఇంట్లో ఆ దవడ పోయింది. చేప ఎముక కాబట్టి ఊరంతా పిల్లినే అనుమానించారు. పిల్లి ఆడే మా మరదలు "నేను తినలేదు" అని మూడు గంటలు పోట్లాడింది. నేను రాసుకున్నది ఇంతే: ఎవరు తీశారు, ఎందుకు తీశారు, చూసినవాళ్ళు ముగ్గురు, ఇంట్లో ముసలావిడ కొత్త దవడ కొనడానికి ఎప్పుడు బయల్దేరుతుంది. మిగతాదంతా వాళ్ళే చేశారు. ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషన్ నుంచి ప్యాసింజర్‌లో సీటు కింద తాబేలుని దాచి పొందూరు తీసుకెళ్ళడానికే గంట పట్టింది, అందులో ఎక్కువ భాగం తాబేలు సలహాలే. తీసింది ఒక ముంగిస పిల్ల, అక్క పెళ్ళికి తోక దువ్వుకోడానికి. చూశారా, విలన్ లేడు, కొట్టాల్సినవాడు లేడు, ఏడుస్తున్న పిల్ల చేతిలోంచి దువ్వెన లాక్కోవాలి, అది యుద్ధం కంటే కష్టం.

ఇంకో రెండు మీకు వదిలేస్తాను. విజయనగరం పైడితల్లి పండగలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే సిరిమానుకి ఎంచిన చింతచెట్టు మీద ఒక ఉడుత కాపురం ఉంది, అమ్మవారి పని కాబట్టి ఆపడం లేదు, చెట్టు కొట్టే లోపు ఇల్లు వెతకాలి. అరసవల్లిలో సూర్యకిరణాలు మూలవిరాట్టు మీద పడే రోజు రేపే, ఆ దారిలో పావురాలు గూడు పెట్టాయి.

ఒక్క మాట. మొదలెట్టే ముందు ఏమేం వద్దో అడగండి. మా గుంపులో తుపాను కథలు పెట్టం, 2018లో తిత్లీకి కొబ్బరితోట మొత్తం పోయినవాళ్ళు ఇద్దరున్నారు. ఉద్దానంలో ఎలుగు దాడిలో ఎవరికైనా ఇంట్లోవాళ్ళు పోయుంటే ఆ పాత్ర అసలు బయటికి తియ్యొద్దు.

సెషన్ అయ్యాక ఆ రాత్రి మనుషులకి ఏం కనిపించిందో జిల్లా ఎడిషన్ వార్తలాగా నాలుగు లైన్లు చదవండి, వచ్చేసారి అక్కణ్ణుంచే మొదలెట్టొచ్చు. పొందూరుది ఇలా రాశాను: "పోయిన దవడ మర్నాడు పొద్దున్న గుమ్మంలో దొరికింది. పళ్ళ మధ్య ఏవో బూడిదరంగు వెంట్రుకలున్నాయి. పక్కింటి పాప దువ్వెన మాత్రం కనిపించడం లేదు."