సెకండ్ హ్యాండ్ 320డి కొన్నాక: షెడ్డుకు పంపే ముందు ఇంట్లోనే చేసే పరీక్షలు

ముప్పై, నలభై లక్షల కారు ఏడెనిమిదేళ్లు తిరిగేసరికి కొత్త చిన్న కారు ధరకు వచ్చేస్తుంది. కారు ధర పడుతుంది గానీ దాని పార్టుల ధర పడదు. అందుకే సెకండ్ హ్యాండ్ లగ్జరీ కారు కొన్నవాళ్లు ఎక్కువగా నష్టపోయేది పెద్ద రిపేర్ల వల్ల కాదు. చిన్న లోపానికి మూడు తప్పు పార్టులు మార్చి, నాలుగోదానితో బాగుచేయించుకోవడం వల్ల. ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది మన రోడ్ల మీద బాగా కనిపించే బీఎండబ్ల్యూ 3 సిరీస్ ఎఫ్30 బాడీలోని 320డి. 2012 నుంచి 2015 దాకా వచ్చిన వాటిలో ఎన్47 డీజిల్ ఇంజిన్, ఆ తర్వాతి ఫేస్‌లిఫ్ట్‌లో బీ47. రెండింటికీ జెడ్‌ఎఫ్ 8 స్పీడ్ ఆటోమేటిక్ గేర్‌బాక్సే.

కావలసిన సామాను కొంచెమే: ఒక మల్టీమీటర్, బీఎండబ్ల్యూ మాడ్యూళ్లన్నీ (కారులో ఒక్కో భాగాన్ని నడిపే చిన్న కంప్యూటర్లు) చదవగల ఫోన్ యాప్, కారు సాకెట్‌లో పెట్టి దాన్ని ఫోన్‌కు కలిపే ఓబీడీ డాంగిల్, మంచి టార్చి, తెల్ల గుడ్డ, ఒక నీళ్ల సీసా, రాసుకోవడానికి పుస్తకం. ఇంజిన్ ఒక్కదాన్నే చదివే చవక యాప్ ఈ కారుకు చాలదు. ఏబీఎస్, గేర్‌బాక్స్, బాడీ మాడ్యూళ్లలో నమోదైన లోపాల కోడ్‌లు దానికి కనబడవు.

మొదటి రోజు కోడ్‌లు చదవండి, చెరపకండి

ఓబీడీ సాకెట్ డ్రైవర్ కాళ్ల దగ్గర, డాష్‌బోర్డు కింద ఉంటుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండానే అన్ని మాడ్యూళ్లనూ స్కాన్ చేయండి. వచ్చిన ప్రతి కోడ్‌నూ, అది నమోదైన కిలోమీటర్ రీడింగ్‌తో సహా రాసుకోండి లేదా స్క్రీన్‌షాట్ తీసుకోండి. వెంటనే క్లియర్ బటన్ నొక్కేస్తే, లోపం ఏ వేగంలో, ఏ వేడిలో వచ్చిందో చెప్పే డేటా కూడా కోడ్‌తో పాటే పోతుంది.

చాలామంది చూడని లైన్ ఒకటుంది: కోడ్‌లు చెరిపాక కారు తిరిగిన దూరం. దాదాపు ప్రతి యాప్‌లోనూ ఇది లైవ్ డేటాలో, అంటే కారు అప్పటికప్పుడు పంపే రీడింగ్‌లలో దొరుకుతుంది. లక్ష కిలోమీటర్లు తిరిగిన కారులో అక్కడ 40 అని కనబడితే, అమ్మకానికి ముందు ఎవరో మెమరీ తుడిచారన్నమాట. అలాంటి కారులో మొదటి రోజు "ఒక్క కోడ్ కూడా లేదు" అన్నది మంచి వార్తేమీ కాదు. 300 కిలోమీటర్లు తిప్పి మళ్లీ చదవండి.

ఇంకోటి. కోడ్ పేరులో ఉన్న పార్టే పాడైందని అనుకోవద్దు. పీ0299 అంటే టర్బో నుంచి రావాల్సినంత ప్రెషర్ రావడం లేదని మాత్రమే. కారణం వంద రూపాయల రబ్బరు రింగు కావచ్చు, టర్బో కూడా కావచ్చు. కోడ్ చూపించగానే "టర్బో మార్చాలి సార్" అనే షెడ్డులో ఇంకో ప్రశ్న అడగకుండా బయటికి రావడం మేలు.

బ్యాటరీ తేలకుండా మిగతావి చూడొద్దు

డాష్‌బోర్డు మీద ఒకేసారి నాలుగైదు హెచ్చరికలు వెలిగితే ముందు అనుమానించాల్సింది బ్యాటరీని. ఓల్టేజ్ పడిపోతే ఒక్కో మాడ్యూల్ ఒక్కో రకంగా తికమకపడుతుంది. స్టీరింగ్ కూడా ఎలక్ట్రిక్ కాబట్టి ఆ హెచ్చరిక కూడా వచ్చి భయపెడుతుంది.

బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. డిక్కీ తెరిస్తే కారు నిద్ర లేస్తుంది, రీడింగ్ తప్పు వస్తుంది. ఉపాయం ఇది: డిక్కీ మూత ఎత్తి ఉంచి, మూతకున్న లాక్ కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితికి తిప్పండి. కారు డిక్కీ మూసుకుందనుకుంటుంది. తాళం వేసి, తాళంచెవిని దూరంగా పెట్టి, గంట తర్వాత కొలవండి. నిండా చార్జైన ఏజీఎం బ్యాటరీ (ఈ కారుకు వచ్చే సీల్డ్ రకం) 12.7 ఓల్టుల చుట్టుపక్కల చూపిస్తుంది. 12.4 కంటే తక్కువైతే చార్జర్ పెట్టాలి. 12.2 దిగువన ఉంటే, చార్జ్ చేసి ఒక రాత్రి వదిలేసి మళ్లీ కొలిస్తేగానీ దాని మీద తీర్పు చెప్పలేం. కొలవడం అయ్యాక తాళంచెవి బటన్‌తో కొక్కెం విప్పాకే మూత దించండి. లేదంటే కొక్కెం, లాక్ రెండూ దెబ్బతింటాయి.

ఇంజిన్ నడుస్తుండగా 13.5 నుంచి 14.8 వరకు కనబడడం మామూలే. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కాస్త తగ్గి, కాలు తీయగానే పెరగడం కూడా లోపం కాదు. ఇంధనం ఆదా చేయడానికి ఆల్టర్నేటర్‌ను అలా నడిపిస్తారు. అది తెలియక మంచి ఆల్టర్నేటర్లను మార్చినవాళ్లున్నారు.

పాత యజమాని ఏజీఎం తీసేసి మామూలు లెడ్-యాసిడ్ బ్యాటరీ బిగించాడేమో లేబుల్ చూడండి. స్టార్ట్-స్టాప్ (సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగి మళ్లీ స్టార్టయ్యే ఏర్పాటు) ఉన్న కారులో అది ఎక్కువ కాలం నిలవదు. పైగా డిక్కీలో ఉన్న బ్యాటరీకి గ్యాస్ బయటికి పోయే సన్న గొట్టం తగిలించి ఉండాలి. కొత్త బ్యాటరీ వేస్తే స్కానర్‌తో రిజిస్టర్ చేయించాలి. చేయించకపోతే లోపల ఇంకా పాత, అరిగిన బ్యాటరీయే ఉందనుకుని కారు దానికి తగ్గట్టు చార్జ్ చేస్తూ కొత్తదాన్ని చెడగొడుతుంది.

పొద్దున్నే, చల్లని ఇంజిన్ మీద

రాత్రంతా ఆగి ఉన్న కారు సెల్ఫ్ కొట్టిన మొదటి నిమిషంలో చెప్పే సంగతులు ఆ తర్వాత రోజంతా చెప్పదు. బానెట్ ఎత్తి ఉంచి, ఇంకొకరిని స్టార్ట్ చేయమనండి. శబ్దం ముందువైపు నుంచా, వెనకవైపు నుంచా అన్నది ముఖ్యం.

ముందువైపు టకటక, కీచుమనే శబ్దమైతే బెల్టు దగ్గర చూడండి. ఎన్47లో ఆ బెల్టును తిప్పే చక్రం, క్రాంక్ పుల్లీ, ఒకే లోహపు ముక్క కాదు. లోపలి చక్రానికీ బయటి రింగుకూ మధ్య రబ్బరు ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా దూరం నుంచే టార్చి వేస్తే బయటి రింగు ఊగుతూ కనబడుతుంది. ఆపాక చూస్తే రబ్బరులో పగుళ్లు ఉంటాయి. ఇది చిన్న పార్టే గానీ వాయిదా వేయకూడదు. అది ఊడితే బెల్టు పోతుంది. బెల్టుతో చార్జింగ్ పోతుంది, వాటర్ పంప్ ఆగుతుంది.

శబ్దం వెనకవైపు, ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య నుంచి గొలుసు రుద్దుకుంటున్నట్టు వస్తే, ఇంట్లో చేసే పరీక్షలు అక్కడితో ఆపేయండి. ఈ ఇంజిన్‌లో టైమింగ్ చైన్ (వాల్వులను సరైన సమయానికి తెరిచి మూసేలా తిప్పే గొలుసు) వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ గానీ ఇంజిన్ గానీ దించాలి. చైన్ తెగితే ఇంజిన్ దెబ్బతింటుంది కాబట్టి అలాంటి కారును నడుపుకుంటూ షెడ్డుకు తీసుకెళ్లకండి, లారీ మీద పంపండి.

టెంపరేచర్ ముల్లు లేని కారులో థర్మోస్టాట్

ఎఫ్30లో కూలెంట్ వేడి చూపే ముల్లు లేదు. ఇంజిన్ మితిమీరి వేడెక్కితే హెచ్చరిక వస్తుంది. చాలినంత వేడెక్కకపోతే ఏమీ రాదు. మన ఊళ్లలో హీటర్ వాడం కాబట్టి ఆ లోపం ఏళ్ల తరబడి తెలియకుండా ఉండిపోతుంది. డీజిల్‌కు అది బాగా ఖరీదైన నిర్లక్ష్యం.

పరీక్ష ఇలా చేయాలి. లైవ్ డేటాలో కూలెంట్ టెంపరేచర్ పెట్టుకుని, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని బయలుదేరండి. ఇరవై నిమిషాల్లో 85, 90 డిగ్రీల మధ్యకు చేరాలి. అప్పుడు ఓఆర్‌ఆర్ లాంటి ఖాళీ రోడ్డు మీద 80, 100 వేగంతో పది నిమిషాలు నడపండి. రీడింగ్ అక్కడే నిలబడితే థర్మోస్టాట్, అంటే ఇంజిన్ వేడెక్కాకే కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు, బాగున్నట్టే. గాలి తగిలే కొద్దీ 70ల్లోకి జారి, సిగ్నల్ దగ్గర ఆగగానే మళ్లీ పైకెక్కితే అది తెరుచుకుని ఇరుక్కుపోయింది.

దాని దెబ్బ నేరుగా డీపీఎఫ్ మీద పడుతుంది. పొగలోని మసిని పట్టే ఆ ఫిల్టర్ తనను తాను కాల్చి శుభ్రం చేసుకోవాలంటే ఇంజిన్ సరైన వేడిలో ఉండాలి. లేకపోతే ఆ పని వాయిదా పడుతూ మసి పేరుకుంటుంది. సగంలో ఆగిన ప్రయత్నాల్లో కాలకుండా మిగిలిన డీజిల్ ఆయిల్‌లోకి దిగి ఆయిల్ పలచబడుతుంది. చివరికి డీపీఎఫ్ కోడ్ వస్తుంది. థర్మోస్టాట్ అలాగే ఉంచి డీపీఎఫ్ కడిగించినవాళ్లు కొన్ని నెలల్లో మళ్లీ అక్కడికే వస్తారు.

డీపీఎఫ్ స్థితికి రెండు పరీక్షలు చాలు. ఒకటి, వేడెక్కిన ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఫిల్టర్‌కు అటూ ఇటూ ప్రెషర్ తేడా సుమారు 10 మిల్లీబార్ల లోపు ఉండాలి. రెండోది తెల్ల గుడ్డ. చల్లారిన సైలెన్సర్ గొట్టం లోపల వేలితో గుడ్డ తిప్పండి. డీపీఎఫ్ బాగున్న డీజిల్‌లో గుడ్డ దాదాపు తెల్లగానే వస్తుంది. కాటుకలా నల్లగా అంటుకుంటే ఫిల్టర్ పగిలిందో, లోపల ఉన్నది పీకేశారో. పీకేసిన కారుకు కోడ్ రాకుండా సాఫ్ట్‌వేర్ కూడా మార్చి ఉంటారు. అందుకే ఇక్కడ స్కానర్ కన్నా గుడ్డనే నమ్మాలి.

అప్పుడప్పుడు ఐడిల్ కాస్త పెరగడం, ఇంజిన్ ఆపాక ఫ్యాన్ చాలాసేపు తిరగడం, కాలిన వాసన రావడం రోగాలు కావు. ఫిల్టర్ తనను తాను కాల్చుకుంటోంది. ఆ సమయంలో వీలైతే ఆపకుండా ఇంకో పావుగంట హైవే మీద నడపండి.

కూలెంట్ కింద ఎక్కడా కారకుండా ట్యాంకులో తగ్గిపోతుంటే ఈజీఆర్ కూలర్‌ను (మళ్లీ ఇంజిన్‌లోకి పంపే పొగను చల్లార్చేది) అనుమానించాలి. కూలెంట్ లోపలే కారి మసితో కలిస్తే మంటలు అంటుకునే ప్రమాదం ఉందని 2018లో బీఎండబ్ల్యూ చాలా దేశాల్లో కొన్ని డీజిల్ కార్లను వెనక్కి పిలిచింది. మీ కారుకు ఆ రీకాల్ వర్తిస్తుందో లేదో చాసిస్ నంబర్ ఇచ్చి డీలర్ దగ్గర కనుక్కోండి. డబ్బు అడగరు.

పికప్ తగ్గితే

బానెట్ తెరిచి, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (టర్బో గాలిని చల్లార్చేది), అక్కడి నుంచి ఇంజిన్‌కు వెళ్లే లావు గొట్టాల జాయింట్ల అడుగున వేలు పెట్టి తడమండి. పలచటి ఆయిల్ పొర మామూలే. ఒక్క జాయింట్ దగ్గర మాత్రం తడిగా, దుమ్ముతో నల్లటి ముద్ద కట్టి ఉంటే గాలి అక్కడ పోతోంది. ఆయిల్ ఆవిరికి రబ్బరు సీలు మెత్తబడి వదులవుతుంది. 2,000 ఆర్‌పీఎం దాటి గట్టిగా తొక్కినప్పుడు బుస్సుమనే శబ్దం కూడా వస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

వణుకు ఎప్పుడు వస్తోంది?

బ్రేక్ తొక్కకుండానే 80, 110 మధ్య స్టీరింగ్ వణికితే బ్యాలెన్సింగ్ లేదా వంగిన రిమ్. నాలుగు టైర్లూ ఒకే సైజు అయితే ముందువి వెనక్కి మార్చి చూడండి. వణుకు స్టీరింగ్ నుంచి సీటులోకి మారితే తప్పు చక్రానిదే. గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైరు పక్కగోడ గట్టిగా ఉంటుంది కాబట్టి గుంతలో పడితే రిమ్‌కు దెబ్బ బాగా తగులుతుంది. టైరు లోపలివైపు కూడా ఉబ్బు ఉందేమో తడిమి చూడండి.

బ్రేక్ తొక్కినప్పుడే వణికితే షెడ్డులో వెంటనే డిస్కులు మార్చమంటారు. అంతకు ముందు ముందుచక్రాలను కారుకు పట్టి ఉంచే ఆర్మ్‌లను చూడండి. వాటిలో ఒకదాని రబ్బరు బుష్ లోపల ద్రవం ఉంటుంది. పగిలితే అక్కడ నల్లగా మరక కారి ఉంటుంది. కొత్త బుష్ వేసేటప్పుడు బోల్టును చివరిగా బిగించాల్సింది కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే. లిఫ్టు మీద చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. ఈ ఒక్క మాట మెకానిక్‌కు ముందే చెప్పి, పక్కన నిలబడి చేయించుకోండి.

ఆగబోయేటప్పుడు రెండు నుంచి ఒకటో గేరుకు పడుతూ చిన్న కుదుపు వస్తే ముందు గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చారో కనుక్కోండి. జీవితకాలం మార్చక్కర్లేదన్న మాట ప్రచారంలో ఉంది గానీ, గేర్‌బాక్స్ తయారుచేసే జెడ్‌ఎఫ్ చెప్పేది 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమని. ఫిల్టర్ ప్లాస్టిక్ అడుగు ట్రేలోనే ఉంటుంది కాబట్టి ట్రే మొత్తం మార్చాలి. లెవెల్ చూసేది ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ 30, 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు. స్కానర్‌లో ఆ వేడి చూడకుండా అంచనాతో పోసే చోట చేయించకండి.

కాళ్ల కింద తడి

ఎండాకాలంలో కార్పెట్ తడిస్తే ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం పూడుకుని ఉంటుంది. ఏసీ అరగంట నడిచాక కారు కింద నీళ్ల చుక్కలు పడకపోతే అదే కారణం. వానాకాలంలోనే తడిస్తే సన్‌రూఫ్ తెరిచి, ముందు మూలల్లో ఉన్న చిన్న రంధ్రంలో ఒక్కోవైపు 200 మిల్లీలీటర్ల నీళ్లు నెమ్మదిగా పోయండి. అర నిమిషంలో అవి ఆ వైపు నేల మీద కనబడాలి. మూలలోనే నిలిచిపోతే గొట్టం పూడింది. కంప్రెసర్ గాలి కొట్టకండి, లోపల జాయింట్ ఊడితే నీళ్లన్నీ క్యాబిన్‌లోకే వస్తాయి. సన్నటి నైలాన్ తీగ, గడ్డి కోసే స్ట్రిమ్మర్‌లో వాడేలాంటిది, చివర గుండ్రంగా కరిగించి మెల్లగా తోయాలి. డిక్కీ అడుగు పలక కూడా ఎత్తి చూడండి, బ్యాటరీ పక్కన ఉన్న మాడ్యూళ్లు తడిస్తే కారణం తెలియని ఎలక్ట్రికల్ లోపాలు అక్కడి నుంచే మొదలవుతాయి.